లెక్కకి మించిన టోపీ

అనగనగా, మంచు తప్ప మరో చుట్టం గడప తొక్కని ఒక కొండ ఊళ్ళో గవరమ్మ అని ఒక పిల్ల ఉండేది. ఆ ఊరి పేరు మంచుగొంది. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురింటి తలుపు కనపడేది కాదు. అక్కడి కోళ్ళు కూడా తెల్లారిందో లేదో అని అనుమానపడుతూనే కూసేవి.

దుప్పటి మెడదాకా లాక్కో అమ్మడూ. ఇది కొంచెం చలి కథ.

ఆ ఊరివాళ్ళకి గొర్రెలే ఆస్తి. గొర్రెల బొచ్చు కత్తిరించి, ఉతికి, ఆరబెట్టి, కదురు మీద ఊలు వడికేవాళ్ళు. వెదురు పుల్లలు నున్నగా చెక్కుకుని, ఆ ఊలుతో టోపీలు అల్లేవాళ్ళు. చిన్న చిన్న బొమ్మలు కూడా అల్లేవాళ్ళు. కుందేలు, కోడిపెట్ట, గొర్రెపిల్ల. వాటి పొట్టల్లో చిరుగు ఊలు కూరేవాళ్ళు.

చలి ముదిరేలోపు ఊరి ఆడవాళ్ళంతా దాలమ్మ వసారాలో చేరేవాళ్ళు. పై కొండల్లో కట్టెలు కొట్టుకునేవాళ్ళ పిల్లలకీ, తల్లి లేని పిల్లలకీ, పురిటి బిడ్డలకీ అక్కడ కూర్చుని టోపీలు అల్లేవాళ్ళు. ఒక్కో టోపీలో ఒక్కో బొమ్మ పెట్టి, ఊరికే ఇచ్చి వచ్చేవాళ్ళు.

దాలమ్మ ఎవరంటే, ఆ ఊళ్ళో అందరికంటే పెద్దావిడ. వీపు వంగిపోయింది, మోకాళ్ళు పట్టేశాయి, చేతులు మాత్రం ఆగేవి కావు. అల్లికకి ఆవిడ మూడు పద్ధతులు పెట్టింది. పరాయి పిల్లల టోపీలు ముందు, మన ఇంటి పిల్లలవి ఆఖర్న. ఎవరికి అల్లుతున్నామో ఆ తలని అరచేత్తో తడిమి కొలుచుకోవాలి. అన్నీ అయ్యాక, లెక్కకి మించి ఇంకొక్క టోపీ ఉండాలి.

ఆ చివరి టోపీ మాత్రం దాలమ్మే అల్లేది. దానికి రంగు వేసేది కాదు, పాలలాంటి తెల్ల ఊలే. ఎవరి తలా కొలిచేది కాదు. కళ్ళు మూసుకుని, ఉత్త గాలిలో అరచెయ్యి గుండ్రంగా తిప్పి, సరిపోద్దిలే అనేది.

ఆ తర్వాత సందెవేళ ఆ టోపీని ఊరి చివర గొర్రెల దొడ్డి గుంజకి తగిలించి వచ్చేది. మంచులో ఎక్కడో గొర్రె మెడగంట ఒకటి టింగుమనేది. దొడ్లో ఉన్న గొర్రెల మెడల్లో గంటలే ఉండేవి కావు. తెల్లారేసరికి టోపీ ఉండేది కాదు. ఎవరు పట్టుకుపోయారని పిల్లలు అడిగితే, గాలి అని చెప్పి ఆడవాళ్ళు మాట మార్చేసేవాళ్ళు. నిజానికి వాళ్ళకీ తెలీదు.

ఊఁ కొడుతున్నావా? సరే.

గవరమ్మకి పైడి అని ఒక చెల్లెలు ఉండేది. ఆ ఊళ్ళో అక్కని అప్ప అంటారు. పైడి పొద్దస్తమానం అప్పా అప్పా అంటూ గవరమ్మ కొంగు పట్టుకునే తిరిగేది. ఆ పిల్లకి చలి గిట్టదు. తలకి మంచు తగిలిందంటే దగ్గు పట్టుకునేది. దగ్గు ముదిరితే రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. అమ్మా నాన్నా గొర్రెల్ని తోలుకుని కింద ఊళ్ళకి మేపుకి వెళ్తూ, చెల్లి తలకి చలి తగలనివ్వకు, మేం వచ్చేదాకా దాని ప్రాణం నీ చేతుల్లో ఉంది అని గవరమ్మకి మరీ మరీ చెప్పి వెళ్ళారు.

ఆ ఏడు గొర్రెలకి జబ్బు చేసింది. సగం మందే మిగిలింది. ఊలు కూడా సగమే వచ్చింది. గవరమ్మ పద్ధతి ప్రకారం పరాయి పిల్లలవన్నీ అల్లేసి, ఆఖర్న పైడి టోపీ మొదలుపెట్టింది. చెట్టు వేళ్ళు ఉడకబెట్టి అద్దిన ఎర్ర ఊలు అది. చెవులదాకా వచ్చింది, నుదుటిదాకా వచ్చింది, అక్కడితో ఊలు అయిపోయింది. నడినెత్తి మీద పిడికెడు మేర బోసిగా ఉండిపోయింది.

ఊరంతా తిరిగి అడిగింది. ఎవరింట్లోనూ పోగు లేదు.

అప్పుడు, ఆ సందెవేళే, దాలమ్మ తెల్ల టోపీని గుంజకి తగిలించి వెనక్కి వెళ్ళడం గవరమ్మ చూసింది. లోపల ఒక తెల్ల గొర్రెపిల్ల బొమ్మ కూడా ఉంది. గవరమ్మకి కడుపు మండింది. ఎవరిదో తెలీని తలకి కొత్త టోపీ, నా చెల్లి తలకి కన్నం టోపీయా అనుకుంది. అటూ ఇటూ చూసి, టోపీ తీసి కొంగులో దాచుకుని ఇంటికి పరుగెత్తింది.

ఇంటికి రాగానే దాని పోగు మొదలు వెతికి లాగింది. అల్లిన టోపీ విప్పడం ఎంతసేపమ్మా. అల్లడానికి మూడు రోజులు పట్టింది, గంజి కాగేలోపు ఊడిపోయింది. ఆ తెల్ల ఊలుతో పైడి టోపీకి నడినెత్తి పూర్తిచేసి, మిగిలిందంతా లోపలివైపు రెండో పొరగా అల్లి, పైన ఒక తెల్ల కుచ్చు కూడా పెట్టింది. గొర్రెపిల్లని పైడి చంకలో పెట్టుకుంది.

మర్నాడు గుంజ ఖాళీగా ఉండడం అందరూ చూశారు. ఏటా ఉండేదే కదా అనుకున్నారు. దాలమ్మ మాత్రం, ఈసారి గంట మోగలేదేమర్రా అంది. తన చెవులే మందగించాయేమో అని తనే సర్దిచెప్పుకుంది.

ఆ మర్నాటి పొద్దున గవరమ్మ లేచేసరికి పైడి టోపీ మీద కుచ్చు లేదు. ఒక పోగు దిండు మీదుగా కిందికి జారి, నేలమీద పాకి, తలుపు సందులోంచి బయటికి పోయింది. పైడి చంకలో ఉండాల్సిన గొర్రెపిల్ల తలుపు దగ్గర ఉంది. సందులోకి ముక్కు పెట్టి నిలబడింది. ఒళ్ళంతా తడి.

చివర ముడి సరిగ్గా వేయలేదు కాబోలు అనుకుంది గవరమ్మ. పోగు లోపలికి లాక్కుని, మళ్ళీ కుచ్చు కట్టి, ఈసారి ముడి మీద ముడి వేసింది.

రెండో పొద్దున టోపీ నెత్తిన తెల్లది సగానికి సగం లేదు. పోగు మళ్ళీ తలుపు సందులోంచి బయటికి పోయింది. దాని మీద మంచు ముత్యాలు కట్టింది. గొర్రెపిల్ల మళ్ళీ తలుపు దగ్గరే ఉంది. గవరమ్మ పోగు పట్టుకుని లాగింది.

అటునుంచి ఎవరో తిరిగి లాగారు.

గట్టిగా కాదు. ఊలు ఉండ చుట్టేవాళ్ళు, కాస్త వదులివ్వమని ఎలా లాగుతారో అలా, మెత్తగా. నీకు తెలుసుగా, ఉండ చుట్టాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఊలు రెండు చేతులకీ తగిలించుకుని కూర్చుంటారు. ఎదురుగా ఇంకొకరు చుడతారు. ఆ అటుపక్క మనిషి ఎవరో మాత్రం కనపడటంలేదు. గవరమ్మ గబుక్కున పోగు నోట్లో పెట్టుకుని కొరికి తెంపేసింది. తెగిన ముక్క తలుపు సందులోంచి పామల్లే జారి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా పైడిని పొయ్యి దగ్గరే కూర్చోబెట్టింది. పిల్ల చేతులు వెచ్చగానే ఉన్నాయి, కాళ్ళు వెచ్చగానే ఉన్నాయి. తల తడిమితే మాత్రం ఏట్లో రాయిలా ఉంది. సాయంత్రానికి పిల్లికూతలు మొదలయ్యాయి.

మూడో పొద్దున గవరమ్మ లేచేసరికి పక్కలో పైడి లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీదుగా పోగు పోతోంది. ఈసారి తెల్లది కాదు, ఎర్రది. తెల్లదంతా అయిపోయి, పైడి సొంత ఊలు ఊడడం మొదలైంది.

ఆ తెల్లటి మంచులో ఎర్ర పోగు ఒక్కటే గీత గీసినట్టు కనపడుతోంది. దూరంగా పైడి గొంతు వినపడింది. ఎవరితోనో మాట్లాడుతోంది.

"నెమ్మదిగా చుట్టు. చిక్కు పడిపోద్ది."

గవరమ్మ ఆ పోగు వెంట పరుగెత్తింది. ఊరి చివర దాలమ్మ వసారా ముందునుంచే పోగు పోతోంది. దాలమ్మ అప్పటికే లేచి కూర్చుని ఆ పోగునే చూస్తోంది. గవరమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, టోపీ తీసిందీ, విప్పిందీ, పోగు కొరికిందీ అన్నీ ఏడుస్తూ చెప్పేసింది.

దాలమ్మ తిట్టలేదు. నెమ్మదిగా చెప్పింది.

తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక చలికాలం, ఊరి పిల్లలు కొందరు గొర్రెల్ని తోలుకుని పై పచ్చికకి వెళ్ళారట. మంచు దిగింది. పిల్లలూ తిరిగి రాలేదు, గొర్రెలూ తిరిగి రాలేదు. తల్లులు అల్లుతున్న టోపీలు పుల్లల మీదే ఆగిపోయాయి. వెతకడానికి వెళ్ళినవాళ్ళకి పచ్చిక మీద గుండ్రటి రాళ్ళు కనపడ్డాయట. అంతకు ముందు అక్కడ రాళ్ళుండేవి కావు. ఆ తల్లులందరూ పోయాక, ఆ పిల్లల తలలు గుర్తున్నది దాలమ్మ ఒక్కదానికే. అందరితో కలిసి ఆడుకున్న చెయ్యి కదా. అందుకని ఏడాదికి ఒకరికి చొప్పున, ఒక్కొక్క తలనీ గుర్తు తెచ్చుకుని టోపీ అల్లుతూ వచ్చింది.

"ఈ ఏటితో అయిపోయేది. ఆఖరిదొక్కటే మిగిలింది" అంది దాలమ్మ. "మా చెల్లి అసిరి. మన ఇంటి పిల్ల ఆఖర్న కదా అని, దాన్ని ఇన్నేళ్ళూ ఆగమన్నాను."

గవరమ్మ కొండవైపు చూసి లేచి నిలబడింది.

అప్పుడు దాలమ్మ తన వెదురు పుల్లలు తీసి గవరమ్మ చేతిలో పెట్టింది. నా కాళ్ళు ఆ కొండ ఎక్కవు, నువ్వే వెళ్ళు అంది. మూడు మాటలు చెప్పింది. పోగు మళ్ళీ తెంపకు. వెనకనుంచి ఎవరు పిలిచినా పలకకు. విప్పిన చెయ్యే అల్లాలి, అసిరి చూస్తుండగా అల్లాలి.

గవరమ్మ పోగు పట్టుకుని కొండెక్కింది. ఎక్కే కొద్దీ మంచు చిక్కబడింది. తన చెయ్యి తనకే కనపడలేదు. వేలి కింద పోగు ఒక్కటే కదులుతోంది. ఎక్కడో గొర్రెలు నెమరేస్తున్న చప్పుడు వినపడుతోంది. ఒక్క గొర్రె వాసనా లేదు.

ఆ తర్వాత కాలికింద పచ్చిక తగిలింది. మంచు కాస్త పలచబడింది. చుట్టూ రాళ్ళు, పసిపిల్లలు చతికిలబడి కూర్చున్నంత ఎత్తున ఉన్నాయి. ప్రతి రాయికీ ఒక టోపీ. కొన్ని పాతబడి బూడిదరంగుకి తిరిగాయి, కొన్నింటి మీద నాచు పట్టింది, నిరుటిది ఇంకా తెల్లగానే ఉంది. ఆ రాళ్ళన్నీ ఒకేవైపు తిరిగి కూర్చున్నట్టున్నాయి. ఊరివైపు.

ఆ చివర, బోసి తలతో ఒక చిన్న రాయి ఉంది. దాని ఎదుట పైడి కూర్చుంది. టోపీ మొత్తం ఊడిపోయింది. రెండు చేతులూ చాచి, ఎర్ర ఊలు తగిలించుకుని, పోగు వదులుతోంది. రాయి ముందు గాలిలో, ఎవరి చెయ్యీ లేకుండా, ఒక ఉండ తిరుగుతోంది. లోపల తెలుపు, పైన ఎరుపు. పైడి పెదాలు నీలంగా ఉన్నాయి. ఎర్ర పోగు చివరికొచ్చేసింది. ఆ పోగు చివర పైడి జడ నుంచి ఒక్కొక్క వెంట్రుకే ఊడి, వరసలో కలుస్తోంది.

ఇంకాసేపాగితే పిల్లలో ఏం మిగిలేదో నాకు తెలీదమ్మా.

గవరమ్మ పరుగెత్తలేదు, అరవలేదు. చెల్లి పక్కన కూర్చుంది. తన పైబట్ట తీసి పైడి తలకి చుట్టింది. ఆ తర్వాత ఎదురుగా ఉన్న మంచుతో మాట్లాడింది.

"అసిరీ, నీ టోపీ విప్పింది నేనే. ఉండ ఇటు తే. నేను అల్లి ఇస్తాను."

ఉండ తిరగడం ఆగింది. చాలాసేపు గాలిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత పచ్చిక మీదికి దిగి, దొర్లుకుంటూ వచ్చి గవరమ్మ మోకాలికి తగిలింది.

గవరమ్మ అరచెయ్యి చాచి ఆ రాతి తల తడిమింది. చేతి ఎముకలదాకా చలి పాకింది. అచ్చం పైడి తలంతే ఉంది. అప్పుడు ఉండ మళ్ళీ మొదటికి విప్పుకుని, తెల్ల ఊలు పుల్లల మీదికి ఎక్కించి, అల్లడం మొదలుపెట్టింది.

చెవుల దాకా వచ్చేసరికి వెనకనుంచి వాళ్ళమ్మ పిలిచింది. గవరమ్మా, వచ్చేశానే, ఇటు చూడు అంది. గవరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పలకలేదు. అల్లింది.

నుదుటి దాకా వచ్చేసరికి వెనకనుంచి పైడి పిలిచింది. అప్పా, నేనిక్కడున్నాను, అది నేను కాదు అంది. గవరమ్మ తన ఒంటికి ఆనుకుని దగ్గుతున్న పైడిని ఇంకా దగ్గరికి జరుపుకుంది. పలకలేదు. అల్లింది.

నడినెత్తి దగ్గరికి వచ్చేసరికి మూడో గొంతు పిలిచింది. ఆ గొంతు గవరమ్మదే. ఎక్కడో వెనక, మంచులో, తన గొంతే తనని పేరు పెట్టి పిలిచి, ఇంటికి పోదాం రా అంటోంది. ఒక్క క్షణం పుల్లలు ఆగాయి. ఇక్కడ కూర్చున్నది తనో, అక్కడ నిలబడ్డది తనో గవరమ్మకి తెలియలేదు. చేతిలో పోగు ఉంది. పోగు పట్టుకున్నదాన్నే నేను అనుకుంది. అల్లింది.

అప్పుడు తెల్ల ఊలు అయిపోయింది. కొరికినచోట నలిగింది పోగా, తడికి ముద్దకట్టింది పోగా, నడినెత్తి మీద పిడికెడు మేర బోసిగా మిగిలింది. ముందు పైడి టోపీకి మిగిలినంతే.

ఎర్ర ఊలుంది. అది పైడిది. దాన్ని వాడేస్తే ఈ చలికాలమంతా పైడికి టోపీ లేదు.

గవరమ్మ చెల్లివైపు చూసింది. పైడి వణుకుతూనే ఆ బోసి రాయివైపు చూసి, "దానికి మనకంటే చలెక్కువ అప్పా" అంది.

గవరమ్మ ఎర్ర పోగు కలిపి నడినెత్తి మూసింది. పైన ఎర్ర కుచ్చు పెట్టింది. పైడి వెంట్రుకలు మాత్రం ఒక్కొక్కటే ఏరి తన నడుముకి దోపుకుంది. ఆ తర్వాత లేచి, రెండు చేతులతో టోపీ ఆ రాయికి తొడిగి, చెవుల మీదికి లాగింది, పైడికి రోజూ లాగినట్టే. పైడి తన చంకలోని గొర్రెపిల్ల బొమ్మని దాని పక్కన ఆనించి పెట్టింది.

మంచులో ఎవరో చిన్నగా తుమ్మారు.

గవరమ్మ అరచెయ్యి ఇంకా ఆ రాయి మీదే ఉంది. చేతి కింద రాయి వెచ్చబడింది, నిద్రపట్టిన పిల్ల నుదురులా. గొర్రె మెడగంట టింగుమంది. ఆ చుట్టుపక్కల రాళ్ళన్నీ ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. అప్పుడు దారి కనపడింది.

గవరమ్మ చెల్లిని వీపున వేసుకుని కిందికి దిగింది. దాలమ్మ వసారాలోంచి కదల్లేదు.

"సరిపోయిందా?" అని అడిగింది.

సరిపోయిందంది గవరమ్మ. నెత్తిన మాత్రం ఎర్ర ఊలు కలపాల్సొచ్చింది పెద్దమ్మా అంది. దాలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "పోన్లే. అదెప్పుడూ ఎర్ర కుచ్చే కావాలనేది" అని నవ్వింది. ఆ రోజు ఆవిడ పొద్దుపోయేదాకా పడుకుంది. అంతకు ముందు ఆవిడ పగలు పడుకోగా ఎవరూ చూడలేదు.

పైడి ఆ చలికాలం గవరమ్మ పైబట్టతోనే గడిపింది. గవరమ్మ పొయ్యి ఆరనివ్వలేదు. పిల్ల దగ్గింది, పిల్లికూతలు కూసింది, గట్టెక్కింది.

మళ్ళీ ఏడు వచ్చింది. టోపీలన్నీ అయ్యాయి. ఇంక గుంజకి తగిలించక్కర్లేదు, అందరూ పడుకున్నారు అంది దాలమ్మ. గవరమ్మ ఊరుకోలేదు. ఎవరి తలా కొలవకుండా ఒక తెల్ల టోపీ అల్లి, గుంజకి తగిలించి వచ్చింది. ఎవరో ఒకరి తల మనకి తెలీకుండా మిగిలిపోతుంది పెద్దమ్మా అంది.

ఆ సందెవేళ గంట మోగింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే టోపీ అక్కడే ఉంది. గిన్నెలా తిరగబడి ఉంది. అందులో ఒక ఊలు ఉండ ఉంది. ఎంత తెలుపంటే, దాని పక్కన మంచు మాసినట్టు కనపడింది. చాలా పొందిగ్గా చుట్టి ఉంది, ఇద్దరు కూర్చుని చుట్టినట్టు. అది ఏ గొర్రె ఊలో ఆ ఊళ్ళో ఎవరూ పోల్చలేకపోయారు. దాలమ్మ మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని, మా నాన్న మందలోదే అంది.

గవరమ్మ ఆ ఊలుతో పైడికి టోపీ అల్లింది. ఆ తర్వాత పైడి ఎప్పుడూ దగ్గలేదు. గుంజ మీది టోపీని ఆ పూటే, కట్టెల మోపుతో దిగివచ్చిన ఒక తల్లి తన చంకబిడ్డకి తొడిగింది. ఆ బిడ్డ అంతకు ముందు ఎవరి లెక్కలోనూ లేదు. కొలిచి అల్లినట్టు సరిపోయింది.

ఇప్పటికీ మంచుగొందిలో లెక్కకి మించి ఒక టోపీ అల్లుతారట. ఎవరో బోసి తలతో వచ్చేదాకా అది గుంజకి వేలాడుతూనే ఉంటుందట. పొద్దున్నే మంచులో గంట వినపడితే, పిల్లలు మాట్లాడుకోవడం ఆపేసి తమ టోపీలు తడిమి చూసుకుంటారట.

నీ తల ఇటు పెట్టు, నేనూ ఒకసారి తడిమి చూస్తాను. ఆఁ, వెచ్చగానే ఉంది.

పోగు చుడితే ఉండాయె,
ఉండ విప్పితే వరసాయె,
వరస మూస్తే టోపాయె,
టోపీ కింద తల వెచ్చనాయె,
వెచ్చని తలకి నిదరాయె.
కథ మంచు దిగి కంచి దారి పట్టె,
మన కన్ను మూసుకుని ఇంటి దారి పట్టె.